బార్తెలేమి పాత జోళ్ళు

చర్చి గంట రెండున్నర కొట్టింది. కాగితాలు ఆరేసే అటక మీద, తూర్పు వైపు చెక్కతలుపులు బార్లా తెరుచుకుని, బోర్లించిన గంప మీద కూర్చుని ఉర్సుల కొండకేసి చూస్తోంది. కొండ ఉంది, కొండ మీద సన్యాసినుల మఠం ఉంది, మఠం పైన బోలెడంత ఆకాశం ఉంది, అందులో మొగుడు బార్తెలేమి లేడు. రెండింటికి ఉన్నాడు. కాగితం మిల్లు వెనక పచ్చికలోంచి, గుడ్డా కాగితమూ కలిపి కట్టిన ఆ గాలిగుమ్మటం లేచినప్పుడు దాని కింద వేలాడే అల్లిక బుట్టలో నిలబడి, టోపీ తీసి ఊపుతూ, ఊరంతా చూస్తుండగా పైకి పోయాడు, పోయి పోయి కొండ దాటాడు, అంతే. ఊరు ఊరంతా రాదారి పట్టుకుని వెనకాలే పరిగెత్తింది, ఫాదర్ గారు కూడా, అంగీ రెండు చేతులా ఎత్తి పట్టుకుని మరీ. తనొక్కతే వెళ్ళలేదు. కాళ్ళు రావడం లేదని చెప్పింది. అబద్ధం కాదు, నిజంగానే రాలేదు, ఎందుకు రాలేదో మాత్రం చెప్పలేదు. కింద గుడ్డపీలికల తొట్టిలో, పీలికలన్నిటికీ అడుగున, బార్తెలేమి పాత జోళ్ళ జత ఒకటి తడితడిగా పడుంది. ఆ జోళ్ళు ఈపాటికి ఆకాశంలో ఉండాలి. తీసి దాచింది తనే.

ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు, గుమ్మటాన్ని లేపేది పొగ అని. పొగ ఎంత చిక్కగా ఉంటే అంత బలం, ఎంత కంపు కొడితే అంత మంచిది. అందుకని తడిపిన గడ్డి, గొర్రెబొచ్చు తుక్కు, అన్నిటికంటే ముఖ్యంగా పాత తోలు జోళ్ళు. తోలు పొగకున్న దమ్ము ఇంక దేనికీ లేదని బార్తెలేమి ఏడాదిగా ఊదరగొట్టి ఊదరగొట్టి, చివరికి ఊరివాళ్ళు తెగిపోయిన జోళ్ళన్నీ తెచ్చి మిల్లు గేటు ముందు పడేసి పోవడం అలవాటు చేసుకున్నారు, జోళ్ళు బాగుచేసేవాడొక్కడు తప్ప ఊరంతా ఆయన పక్షమే. వేరే మాట అన్నది ఉర్సుల ఒక్కతే, అదీ ఒక్కసారే. పదిహేడేళ్ళుగా ఈ అటక మీద తడి కాగితాలు తాళ్ళకి ఆరేస్తోంది, చలికాలంలో కింద పొయ్యి రాజేస్తే ఏమవుతుందో ఆమె కళ్ళకి తెలుసు. కట్టెలు పచ్చివైతే అటకంతా పొగ కమ్మి కళ్ళు మండుతాయి, కాగితాలు మాత్రం ఉలకవు, పలకవు. అదే బాగా ఎండిన కట్టె పెట్టి మంట తేటగా లేచిందా, పొగ అన్నదే కనబడదు, కానీ వరసలు వరసలుగా కాగితాలన్నీ పొట్టలు ఉబ్బించుకుని పైకి లేవబోతాయి, తాడు లేకపోతే ఎగిరిపోయేవే. ఆ మాటే ఒకరోజు చెస్ట్‌నట్ గంజి వడ్డిస్తూ చెప్పింది. ఆయన చెంచా గాల్లో ఆపి నవ్వాడు. "పిచ్చిదానా, పొగే లేకపోతే ఇంక దాన్ని తోసేదేమిటే? వట్టి గాలా?" అన్నాడు. పారిస్ నుంచి ఆయనకి ఉత్తరాలొస్తాయి, ఆ ఉత్తరాల్లో కూడా పొగే అని ఉంది. ఆమె గంజి వడ్డించి ఊరుకుంది.

ఊరుకున్నది ఊరుకోవలసింది కదా, ఎందుకు చెయ్యి పెట్టినట్టు? ఎందుకంటే ఈస్టర్ సోమవారం నాడు పడ్డ పడడం కళ్ళారా చూసింది గనక. ఆవేళ బుట్టలోని కుంపట్లో తడి గడ్డీ జోళ్ళూ పోటీపడి రగిలాయి, పొగ చూస్తే ఊరు తగలబడుతోందనుకోవాలి, గుమ్మటం పాపం మిల్లు కప్పంత ఎత్తు లేచి, కాస్త ఆలోచించి, ఫాదర్ గారి ఉల్లిమడిలో కూలబడింది. ఆయనకి పక్కటెముక ఒకటి విరిగింది. కళ్ళు వారం రోజులు తెరవలేకపోయాడు, ఆమే చెంచాతో తాగించింది. తాగిస్తుంటే ఆయనేమన్నాడు, పొగ చాలలేదన్నాడు. ఈసారి కొండ దాటిస్తానన్నాడు. కొండ దాటితే అవతల పల్లపు చేలు, చేలు దాటితే రోన్ నది, నీళ్ళంటే చాలు చంటిపిల్లాడిలా బిగుసుకుపోయే మనిషి ఆ నది మీదికి పోతానన్నాడు. ఉల్లిమడిలో పడ్డవాడు నదిలో పడితే ఎవరు చెంచాతో తాగిస్తారు? పోవడం ఎలాగూ మానడు, నది దాటేదాకా పడకుండా ఉంటే చాలు. అందుకే ఇవాళ పొద్దున, ఆయన గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తున్న వేళ, ఉర్సుల పచ్చికలోకి పోయి బుట్టలోని తడి గడ్డి కట్టలన్నీ తీసేసి, పదిహేను రోజులుగా అటక పొయ్యి పక్కన ఎండబెట్టిన కట్టలు పెట్టింది. అదే నీలం తాడు, అదే ముడి, ఎవడూ పోల్చలేడు. బొచ్చు సంచీ తీసేసింది. ఊరి జోళ్ళన్నీ ఈస్టర్‌కే కాలిపోగా మిగిలిన ఆయన పాత జత తీసి ఒడిగుడ్డ కింద దాచుకుని తిరిగొస్తుంటే ఆయన ఎదురుపడి, సగం గడ్డం సబ్బు నురుగుతో, ఏంటే దొంగలా నడుస్తున్నావని అడిగాడు. మంచు తడికి కాలు జారుతోందంది. నూరేళ్ళు చల్లగా ఉండు అన్నట్టు ముక్కు మీద కాస్త నురుగు రాసి పోయాడు. ఆ నురుగు ఆరిపోయిన చోటు ఇంకా చిరచిరలాడుతోంది, ఆమె ముక్కు తుడుచుకుంది.

కింద వాకిట్లో గోతోన్ వదిన చిక్కుడుకాయలు వలుస్తోంది. బార్తెలేమికి పెద్దక్క, తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి, మొగుడు పోయాక ఇక్కడే ఉండిపోయింది. ఆవిడా పరిగెత్తలేదు, మోకాళ్ళు పనిచెయ్యవు. గింజ గింజకీ ఓ మాట అంటోంది. దేవుడు కోడికి రెక్కలైతే ఇచ్చాడు గానీ కొండ దాటమన్నాడా అంటోంది. వాడు చిన్నప్పుడే ఇంతే, పిల్లికి గొడుగు కట్టి కిటికీలోంచి వదిలాడు, పిల్లి బతికింది, గొడుగు నాది అంటోంది. తిట్టినంతసేపూ ఆవిడ గొంతు బాగానే ఉంటుంది, తిట్టడం ఆపితేనే భయం. ఉర్సుల చెవి అటే పెట్టుకుని కూర్చుంది, ఆపకు వదినా, ఇంకా తిట్టు.

గుమ్మటం లేచినప్పుడు ఎలా లేచింది. ముందు గుంటలో పనివాళ్ళు వేసిన మంట తాలూకు పొగ, అందరూ దగ్గుతూ చప్పట్లు కొడుతూ. తర్వాత తాళ్ళు వదిలారు, లేచింది, మిల్లు కప్పు దాటింది, ఉల్లిమడి దాటింది, అప్పుడు ఆయన కుంపట్లో మొదటి కట్ట వేసి ఉంటాడు. పొగ ఆగిపోయింది. గుమ్మటం మెడలో పసుప్పచ్చటి నాలుక ఒకటి తళుక్కుమంది. అమ్మో, మంట. తేట మంట అంటే నిప్పురవ్వలు, పైన కాగితం. తనకి కాగితం ఎగరడం తెలుసు, కాగితం కాలడం తెలీదా? ఎండుగడ్డి రవ్వ ఎంత దూరం పోతుందో ఏ వంటింటి ఆడదాన్నడిగినా చెబుతుంది. పైకి లేపాలన్న తాపత్రయంలో ఆ సంగతే మర్చిపోయింది, పదిహేను రోజులు కట్టలు తిరగేస్తూ మురిసిందే గాని ఈ ముక్క తట్టలేదు. ఆ క్షణాన గుమ్మటం రెట్టింపు ఎత్తుకి దూకింది. ఊరు కేక పెట్టింది. బుట్ట అంచు మీద నుంచి ఆయన కిందకి వంగి చూడ్డం కనబడింది, తననే చూశాడా, పొగేదని వెతికాడా, అంత దూరాన మొహం ఎవడికి తెలుస్తుంది.

గుడ్డకి లోపలివైపు పటిక నీళ్ళు రెండు పూతలు పట్టించారు, పటిక ఉంటే నిప్పు త్వరగా అంటుకోదు. రెండు పూతలు అన్నిటికీ పడలేదు. చివరి రెండు గుడ్డ పట్టీలకి పటిక తక్కువై ఒక్కపూతతో సరిపెట్టారు, ఫరవాలేదులే అన్నది కూడా తనే, భోజనం వేళ అయిందని. ఆ రెండూ ఎటువైపున్నాయి? నీలం చారల వైపు. నీలం చారల వైపు ఏ గుండీలున్నాయి? ఆమెకి ప్రతి గుండీ తెలుసు. పట్టీలన్నీ గుండీలతోనే కలిపారు మరి, కుట్టుకంటే అదే నయమని, విప్పుకోవచ్చని, మడత పెట్టుకోవచ్చని. ఆ గుండీలన్నీ పీలికల గదిలోవే. కాగితం గుజ్జు కోసం మిల్లుకొచ్చే పాతబట్టల గుండీలు కోసెయ్యడం ఆడవాళ్ళ పని, పెళ్ళికి ముందు ఆమె పని కూడా అదే, పదిహేనేళ్ళ పిల్ల, చేతిలో కొక్కెం కత్తి, ఒళ్ళో ఎవరెవరివో చొక్కాలు. బార్తెలేమి మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది పీలికల నాణ్యం చూడ్డానికి, చూసింది ఆమెనీ కాదు పీలికలనీ కాదు, కిటికీలోంచి వచ్చే ఎండలో దుమ్ము పైకి లేస్తుంటే నోరు తెరుచుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వీడెవడే వెర్రిబాగులవాడు అని పక్కపిల్ల ఆమె చెవిలో అంది. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి చూసింది దుమ్ముని కాదు. గుప్పెడు గుండీలు అడిగాడు, ఎందుకంటే చెప్పలేకపోయాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు చూసే చేసుకుంది. ఎముక గుండీ, ఇత్తడి గుండీ, సైనికుడి కోటుది, పాదిరీ అంగీది, చంటిపిల్ల గౌనుది, ఎప్పుడో పోయినవాళ్ళ బట్టలవన్నీ ఇవాళ ఆకాశంలో ఉన్నాయి, వాటి కింద నావాడున్నాడు, మీరంతా ఒక్క గంట గట్టిగా పట్టుకుని ఉండండర్రా, వదలకండి.

కింద వదిన తిట్టడం ఆపింది.

"ఉర్సులా. కొండ వెనకాల అదేమిటే?"

ఆమె లేచి నిలబడింది. కొండ వెనక, మఠం గోపురానికి ఎడంగా, పొగ. తెల్లటి పొయ్యిపొగ కాదు, నల్లటిది, జిడ్డుగా, లావుగా, మెలితిరుగుతూ. కట్టల్లో తడి లేదు, బుట్టలో బొచ్చు లేదు, జోళ్ళు లేవు, అన్నీ తనే తీసేసింది. అలాంటప్పుడు నల్లపొగ రావడానికి అక్కడ కాలేదేముంది? గుడ్డ ఉంది. తాళ్ళున్నాయి. మనిషున్నాడు. ఆమె సిలువ వేసుకుని మోకరించింది. మరియమ్మ తల్లీ, నేనే చంపాను. పొగ పొగ అన్నవాణ్ణి పొగలోనే ఉంచితే ఉల్లిమడిలో పడేవాడు, ఇంకో ఎముక విరిగేది, ఇంకో వారం చెంచాతో తాగించేదాన్ని, నాకేం బరువయ్యేది? తెలివి చూపించబోయాను. ఆయన మాట కాదని నా కాగితాల మాట విన్నాను. తల్లీ, మనిషిని పంపించు చాలు, గుమ్మటం కాలిపోనీ, నా జీవితంలో ఇంకెప్పుడూ ఎండుగడ్డి ముట్టుకోను, ఆయన పనిలో వేలు పెట్టను, జరిగిందంతా ఆయన మొహం మీదే చెప్పేస్తాను, దాచను, ఇల్లు వదిలి పొమ్మన్నా పోతాను. పొగ కాసేపు నిలబడి, పల్చబడి, గాలికి పక్కకి ఒరిగి, లేదు. కింద చిక్కుడుకాయ వలిచే చప్పుడు కూడా లేదు. ఉర్సుల చెక్కతలుపు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది, అరచేతిలో పేడు గుచ్చుకుంది, అది రేపు చూసుకోవచ్చు, రేపు అనేది ఉంటే.

గంట మూడు కొట్టింది. మూడుంబావు కొట్టింది. రాదారి మీద ఎవరూ లేరు, పోయినవాళ్ళు తిరిగి రావడం లేదు, మోసుకు రావలసిందేదన్నా ఉంటే నెమ్మదిగానే వస్తారు మరి. ఆమె రాదారినే చూస్తోంది. చూడాల్సింది అటు కాదు. మిల్లు వెనకాల, వాగు పక్కనుంచి, మేకలు తిరిగే అడ్డదారి ఒకటుంది, అటునుంచి దగ్గు వినబడింది. ఆ దగ్గు ఆమెకి తెలుసు, ఈస్టర్ నుంచీ వదలని దగ్గు, రెండుసార్లు దగ్గి మూడోసారి గొంతు సవరించుకునే దగ్గు.

మెట్లు ఎలా దిగిందో తెలీదు. దిగేసరికి గోతోన్ వదిన తమ్ముణ్ణి చిక్కుడు తొక్కలతో కొడుతోంది, గుప్పిళ్ళకొద్దీ తీసి మొహాన కొడుతోంది, కొట్టి కొట్టి ఒడిగుడ్డలో మొహం దాచుకుని భోరుమని ఏడ్చింది. బార్తెలేమి వాకిట్లో నిలబడి ఉన్నాడు. నిలబడే ఉన్నాడు, రెండు కాళ్ళ మీద. జుట్టులో చిక్కుడు తొక్క. ఒక కనుబొమ్మ లేదు, మాడిపోయింది, దాంతో మొహం సగం ఆశ్చర్యపోయినట్టుంది. ఉర్సుల దగ్గరికి పోయి రెండు చేతులతో ఆయన చెవులు పట్టుకుంది, వెచ్చగా ఉన్నాయి, ఎర్రగా ఉన్నాయి, ఉన్నాయి. ఏడుపు రావాల్సిన చోట విచిత్రంగా ఆకలి వచ్చింది, పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మటం ఏమైందని అడగలేదు. కాలిపోయిందా అని అడగలేదు. తల దించితే ఆయన పాదాలు కనబడ్డాయి, ఉత్తి పాదాలు, గీరుకుపోయి, మట్టి కొట్టుకుపోయి.

"మీ జోళ్ళేవి?" అంది.

"తగలబెట్టేశాను," అన్నాడు.

మెట్టు మీద కూలబడి చెప్పాడు, మధ్యమధ్య వదిన తెచ్చిన నీళ్ళు తాగుతూ, నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నా తుడుచుకోకుండా. కట్ట వేస్తే పొగ రాలేదట. రెండోది వేస్తే రాలేదట. పొగ లేదు గనక పడిపోతానని బుట్ట అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడట, తెరిచి చూస్తే మఠం గంట తన కాళ్ళ కింద బొమ్మలా ఉందట. పడాల్సినవాడు లేస్తున్నాడు, ఎందుకు లేస్తున్నాడో తెలీదు, తెలియకుండా లేవడమంత భయం ఇంకోటి లేదు అన్నాడు. మఠం దాటేసరికి ఎదురుగా, చేల అవతల నది, వెడల్పుగా, మెరుస్తూ. అప్పుడిక పొగ కోసం పాత జోళ్ళు వెతికాడట, నది దాటించేంత బలం వాటికే ఉంటుందని, బుట్టంతా తిరగేశాడు, ఎక్కడా లేవు. ఉర్సుల వాకిట్లోని చిక్కుడు గింజల్ని చూస్తోంది.

"ఇంకేం చెయ్యను, కాళ్ళకున్నవే పీకి కుంపట్లో పారేశాను. కొత్తవి, పండక్కి కుట్టించినవి. వచ్చింది చూడూ పొగ, నల్లగా, కొండంత! హమ్మయ్య, బతికాననుకున్నాను." ఆగాడు. జేబులోంచి ఇత్తడి బకిల్సు రెండు తీసి మెట్టు మీద పెట్టాడు, మసిపట్టి ఉన్నాయి. "పొగ వచ్చింది, మంట చచ్చింది, గుమ్మటం దిగడం మొదలెట్టింది. పొగ కమ్మేకొద్దీ దిగింది. చేలో దించింది, నదికి ఇవతల, బఠాణీ పాదుల మీద, పెళుసు గుడ్డు పెట్టినట్టు దించింది. దాని ఒంటి మీద ఒక్క చిల్లు లేదు."

ఆ చేను గల ముసలామె కర్ర పట్టుకుని వచ్చిందట, బెదిరిపోయి, దయ్యమేమో అని. టోపీ తీసి దండం పెడితే దయ్యానికి టోపీ ఉండదని నమ్మి కూర్చోబెట్టి మేకపాల జున్ను పెట్టింది, ఆవిడ మేక ఈలోగా రెండు గుండీలు తినేసింది. గుమ్మటానికి ఆవిణ్ణే కాపలా పెట్టి అడ్డదారిన వచ్చేశాడు, ఊరంతా రాదారిలో తన శవం కోసం వెతుకుతోందని తెలీక. ఇదంతా చెబుతూ నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. ఉన్న ఒక్క కనుబొమ్మా ముడిపడింది. ఏడాది పాటు బిగించిన ముడిని చేతులారా విప్పేస్తున్నవాడిలా నెమ్మదిగా అన్నాడు.

"పొగ కాదే, ఉర్సులా."

మరియమ్మ తల్లికి ఇచ్చిన మాట గొంతులో ఉంది, చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, మాటలు కూర్చుకోబోతే ఒక్కటీ రాలేదు, ఎప్పుడూ రావు. ఆమె లేచి పీలికల గదిలోకి పోయింది. తొట్టిలో భుజం దాకా చెయ్యి దింపి అడుగంటా తడిమింది. తెచ్చి ఆయన పాదాల ముందు పెట్టింది, జతగా, మడమలు కలిపి, ఇంట్లో ప్రతి ఆదివారం పెట్టినట్టే. పాత జోళ్ళు, కుడి దానికి బొటనవేలి దగ్గర చిల్లు, తోలు ఇంకా తడిగా ఉంది, ఒక దానికి నీలం తాడు పోగు అంటుకుని ఉంది. గోతోన్ వదిన ఇది చూసి, ఇవి ఎక్కడివే అని అడగబోయి, తమ్ముడి మొహం చూసి గింజలు ఏరుకోవడంలో పడింది.

బార్తెలేమి వాటిని చూశాడు, అంటుకున్న నీలం పోగు చూశాడు. తర్వాత ఆమెని చూశాడు. ఉర్సులకి భయం వేయలేదు, ఇవాళ్టికి ఉన్న భయమంతా వాడేసింది, ఇంక ఏమన్నా అనుకోనీ, ఇంట్లోంచి పొమ్మననీ, తిట్టనీ, మనిషి ఎదురుగా కూర్చుని తిడతాడు కదా, అది చాలు. ఆయన నీలం పోగు తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. ఎడమ పాదం మట్టి దులుపుకుని జోడులో పెట్టాడు, తడికి ఒకసారి జలదరించాడు. కుడి పాదం పెట్టాడు. చిల్లులోంచి బొటనవేలు బయటికొచ్చి కదిలింది. రాదారి వైపు నుంచి ఊరి జనం గోల అప్పుడే వినబడుతోంది, ముందు ఫాదర్ గారి గొంతు.

"ఎండుగడ్డి ఇంకా ఎంతుందే?" అన్నాడు, తల ఎత్తకుండా, జోళ్ళ వారు బిగించుకుంటూ.

ఇంకెప్పుడూ ముట్టుకోనని ఒట్టు పెట్టుకుని గంట కూడా కాలేదు.

"పన్నెండు కట్టలు," అంది ఉర్సుల. "పొయ్యి పక్కనే పెట్టాను."